స్వేడ్ స్నీకర్స్: ఒలింపిక్ పోడియం ఎక్కిన షూ.. 50 ఏళ్లు దాటినా తగ్గని క్రేజ్! కొనేముందు ఇవి తెలుసుకోండి

జీన్స్, చినోస్, కుర్తా.. దేని మీదకైనా ఇట్టే సెట్ అయిపోయే షూ స్వేడ్ స్నీకర్స్. మెరుపులుండవు, లావుపాటి సోల్ ఉండదు. డిజైన్ చూస్తే తాతల కాలం నాటిది. అయినా కాలేజీ కుర్రాళ్ల నుంచి ఆఫీసుకెళ్లే వాళ్ల దాకా ఇష్టపడుతున్నారు. ఇంతకీ ఇందులో అంత స్పెషల్ ఏముంది?

అసలు స్వేడ్ అంటే ఏంటి?

ఇది కూడా లెదరే. కాకపోతే తోలు లోపలి వైపును రుద్ది, సన్నటి నూగు తేలేలా చేస్తారు. అందుకే వెల్వెట్‌లా మెత్తగా ఉంటుంది. మామూలు లెదర్‌లా మెరవదు కాబట్టి ఎరుపు, నీలం, ఆకుపచ్చ లాంటి రంగులు కూడా కళ్లకు కొట్టకుండా నిండుగా కనిపిస్తాయి. వేసుకున్న బట్టలతో పోటీ పడవు. రోజువారీ వాడకానికి ఇదే ప్లస్ పాయింట్.

మైదానం నుంచి వీధిలోకి..

అడిడాస్ 'గజెల్' 1966లో వచ్చింది. ప్యూమా 'స్వేడ్' 1968లో వచ్చింది. అదే ఏడాది మెక్సికో ఒలింపిక్స్ 200 మీటర్ల పరుగులో అమెరికా అథ్లెట్ టామీ స్మిత్ 19.83 సెకన్లతో గోల్డ్ కొట్టారు. నల్లజాతి పేదరికానికి గుర్తుగా షూ విప్పేసి, నల్ల సాక్సులతో పోడియం ఎక్కారు. ప్యూమా షూని పక్కనే పెట్టి, పిడికిలి పైకెత్తారు. ఆ నిరసనకు స్మిత్, కాంస్యం గెలిచిన జాన్ కార్లోస్ ఇద్దర్నీ జట్టు నుంచి పంపించేశారు. ఆ ఫొటో మాత్రం చరిత్రలో నిలిచిపోయింది.

1973లో బాస్కెట్‌బాల్ స్టార్ వాల్ట్ ఫ్రేజియర్ కోసం ప్యూమా 'క్లైడ్' వచ్చింది. 1980ల్లో న్యూయార్క్ బ్రేక్ డ్యాన్సర్లు వెడల్పాటి లేసులు కట్టి స్వేడ్ షూని వీధి స్టైల్‌గా మార్చేశారు.

వానొస్తే జాగ్రత్త!

స్వేడ్‌కి పెద్ద శత్రువు నీళ్లే. తడిస్తే మరకలు పడతాయి, నూగు అట్టకట్టి గట్టిపడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలే. ఈ నాలుగు నెలలు రోజూ వేసుకోవడానికి వేరే జత ఉండాల్సిందే.

* వాషింగ్ మెషీన్‌లో అస్సలు వేయొద్దు. దుమ్ము పడితే మెత్తటి పొడి బ్రష్‌తో ఒకే వైపు దులపాలి.
* చిన్న మరకలను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే చాలావరకు పోతాయి.
* తడిస్తే లోపల పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. హెయిర్ డ్రయ్యర్ వేడికి తోలు బిరుసెక్కుతుంది.
* కొత్త జతకు ముందే వాటర్ రిపెల్లెంట్ స్ప్రే కొడితే మంచిది. చినుకుల వరకు ఆపుతుంది. జడివానకు ఆగదు.

లేబుల్ చూశారా?

చూడ్డానికి స్వేడ్‌లాగే ఉండే సింథటిక్ షూ కూడా మార్కెట్లో బోలెడు. లేబుల్ మీద 'పీయూ', 'సింథటిక్', 'మైక్రోఫైబర్' అని ఉంటే అది తోలు కాదు. తడిని కాస్త బాగానే తట్టుకుంటుంది కాబట్టి తెలిసి కొంటే నష్టం లేదు. లెదర్ రేటు పెట్టి కొంటేనే నష్టం. అందుకే ఆన్‌లైన్‌లో 'బై' నొక్కే ముందు 'మెటీరియల్' దగ్గర ఏం రాశారో ఒక్కసారి చదవండి.