రౌతుకు పడే వెలి

నాందేడ్ జిల్లా లోహా తాలూకాలోని మాళేగావ్‌లో ఏటా డిసెంబరు-జనవరి రోజుల్లో ఖండోబా జాతర జరుగుతుంది. తెలుగునాట మల్లన్నగా కొలిచే దేవుడే ఈ ఖండోబా. ఆయన వాహనం గుర్రం. జాతరలోనూ గుర్రాల సంతకే పేరు ఎక్కువ. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని మన సామెత. గుర్రం వెనకబడిందంటే తప్పు రౌతుదేనన్న ఊహ అందులో దాగి ఉంది. సామెతలో అది హాస్యమే. పందెపు మైదానంలో మాత్రం అదే ఊహ ఒక మనిషి బతుకుతెరువును తీసివేయగలదు.

1956 వరకు నాందేడ్ హైదరాబాదు రాష్ట్రంలోనిది. ఆ రాజ్యంలో గుర్రప్పందేలు మొదట మౌలాలీలో జరిగేవి. 1886లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో మలక్‌పేటకు మారాయి. నడిచిన పద్ధతి మాత్రం ఇంగ్లీషువారిది. కనుక జాకీని వెలివేసే ఆచారం ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే ఇంగ్లండులోని న్యూమార్కెట్ దాకా వెళ్ళక తప్పదు.

1791 అక్టోబరు 20న అక్కడ వేల్స్ యువరాజు గుర్రం ‘ఎస్కేప్’ నలుగురిలో చివర వచ్చింది. మరునాడు మరింత దూరపు పందెంలో అదే గుర్రం గెలిచింది. రెండు రోజులూ రౌతు శామ్యూల్ చిఫ్నీయే. మొదటిరోజు కావాలనే గుర్రాన్ని ఆపాడని అనుమానం. ముందునాటి పరుగుతో గుర్రానికి ఒళ్ళు విరిగిందని, పైగా దూరపు పరుగే దానికి నప్పుతుందని అతని సమాధానం. గుర్రాల స్వభావం తెలిసినవారికి ఇది అసంభవమని తోచదు. జాకీ క్లబ్బు పెద్దలు అతణ్ణి పిలిచి ప్రశ్నించారు. నేరం రుజువైందని గాని, కాలేదని గాని తీర్పంటూ ఏదీ ఇవ్వలేదు. చిఫ్నీ స్వారీ చేస్తే తమలో ఎవరూ పోటీకి గుర్రాలను దింపరని మాత్రం సర్ చార్లెస్ బన్బరీ యువరాజుకు చెప్పాడు. శిక్ష పేరు లేకుండానే శిక్ష పడింది. యువరాజు తన రౌతును విడిచిపెట్టక, ఏటా 200 గినీల భరణం ఏర్పాటు చేసి, తానే న్యూమార్కెట్‌ను వదిలిపోయాడు. చిఫ్నీ చివరకు అప్పులపాలై 1807లో ఋణగ్రస్తుల చెరలో మరణించాడు.

మన పల్లెల్లో కులపంచాయతీ వేసే వెలికీ దీనికీ తేడా స్వల్పం. ఇక్కడ నిప్పూ నీళ్ళూ బందు. అక్కడ మైదానం బందు. ఒక క్లబ్బు వెలివేసిన జాకీని ఇతర క్లబ్బులూ రానివ్వవు గనుక, వేరే ఊరు పోయి బతికే దారి కూడా ఉండదు.

న్యాయస్థానాలు చాలాకాలం ఇందులో వేలు పెట్టలేదు. 1949లో రస్సెల్ వర్సెస్ డ్యూక్ ఆఫ్ నార్‌ఫోక్ కేసులో గుర్రానికి మందు పెట్టారన్న ఆరోపణపై లైసెన్సు పోగొట్టుకున్న శిక్షకుడు ఓడిపోయాడు. నిబంధనల్లో క్లబ్బుకు సంపూర్ణాధికారం ఉందన్నారు. అయితే ఆ తీర్పులోనే జస్టిస్ టక్కర్, ప్రమాణాలు సందర్భాన్నిబట్టి మారినా, నిందితుడికి తన వాదం చెప్పుకొనే సబబైన అవకాశం తప్పనిసరి అన్నారు. భారత న్యాయస్థానాలు సహజన్యాయం గురించి ఈ మాటను తరచు స్మరించాయి.

గుర్రాలతో పనిలేకపోయినా, ఇక్కడ హైదరాబాదు కేసొకటి చెప్పుకోవాలి. పందేల కుదుర్పుల ఆరోపణపై 2000 డిసెంబరులో క్రికెట్ బోర్డు మహమ్మద్ అజహరుద్దీన్‌ను జీవితాంతం నిషేధించింది. చిఫ్నీకి లేనివి కొన్ని ఇతనికి ఉన్నాయి: సీబీఐ నివేదిక, బోర్డు నియమించిన విచారణాధికారి, రాతపూర్వకమైన ఉత్తర్వు. ఇవన్నీ ఉన్నా ఆ నిషేధం చట్టరీత్యా నిలవదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012 నవంబరు 8న తీర్పు చెప్పింది. అంటే విచారణ జరిగిందన్న పేరుంటే చాలదు, అది చట్టానికి ఆగాలి. ఆలస్యం సంగతి వేరు. తీర్పు వచ్చేనాటికి ఆయన వయసు 49. ఆడిన టెస్టులు అప్పటికీ 99 దగ్గరే ఆగి ఉన్నాయి.