ఆగి మరల పరుగెత్తినవారు



నాది సోమందేపల్లె. పెనుకొండకును హిందూపురమునకును నడుమనున్న మెట్టనేలల యూరు. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. వేకువజామున నేను నడకకు వెళ్లునప్పుడు ఊరివెలుపలి బాటమీద నలుగురైదుగురు పిల్లలు పరుగెత్తుచుందురు. కొందఱు పోలీసు కొలువునకును, కొందఱు సైన్యమునకును జరుగు 1600 మీటర్ల పరుగు పరీక్షకై శ్రమపడుచున్నారు. ఒకరిద్దఱు కేవలము పరుగుమీది ప్రీతిచేత వచ్చుచున్నారు. నెలదినములు కనబడి, జ్వరమో కాలినొప్పియో తగిలిన పిమ్మట వారిలో పలువురు మరల కనబడరు. అట్టివారిని గూర్చి రచ్చబండయొద్ద రెండు మాటలు వినబడును. "వానికి పట్టుదల లేదు" అనునది యొకటి. "జ్వరమైన నేమి, మగపిల్లవాడు పరుగెత్తవలదా?" అనునది రెండవది. ఈ రెండును సరికావని నా మనవి. ఇందులకు చరిత్రయే సాక్షి.

పరుగు మన దేశమునకు క్రొత్తవిద్య కాదు. అమరకోశమున మిక్కిలి వేగముగలవానికి జంఘాలుడనియు, పిక్కబలముచే జీవించువానికి జాంఘికుడనియు పేళ్లు కలవు. క్రీస్తుశకము 14వ శతాబ్దమున ఢిల్లీలో మహమ్మదు బిన్ తుగ్లకు కొలువునకు వచ్చిన ఇబ్ను బతూతా యను యాత్రికుడు ఆనాటి కాలినడక తపాలాను వర్ణించినాడు. మైలులో మూడవవంతున కొక్కచోట పరుగువారు నడుము బిగించుకొని కాచియుందురట. ఒకచేత జాబును, వేఱొకచేత రాగిగజ్జెలు కట్టిన కఱ్ఱయు పట్టుకొని యొకడు వచ్చును. గజ్జెలచప్పుడు వినగానే ముందరివాడు సిద్ధపడును. జాబు చేయిమాఱును, తెచ్చినవాడు నిలుచును. గుఱ్ఱపు తపాలాకంటె నిదియే వేగిరముగా నడచెనని యాతడు వ్రాసినాడు. ఎవ్వడును శక్తికి మించి పరుగెత్తకుండుటయే ఆ వేగమునకు మూలము. నిలుచుటయు ఆ యేర్పాటులో భాగమే.

ఇక ఇరువదవ శతాబ్దమునకు వత్తము. చెకోస్లొవేకియా దేశమున ఎమిల్ జటోపెక్ అనునతడు చెప్పుల కర్మాగారములో పనిచేయుచు పరుగు నేర్చెను. 1952లో హెల్సింకి ఒలింపిక్సునకు కొలది మాసములముందు అతడు వ్యాధిపడగా వైద్యులు పోటీ వలదనిరి. అతడు వినలేదు. అచ్చట 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, అదివఱకెన్నడును పరుగెత్తని మారథాను, మూడింటను స్వర్ణపతకములు గెలిచెను. ఈ కథ చెప్పినంతనే కుఱ్ఱవాండ్రకు ఒడలు పులకరించును. కాని చరిత్రయందొక మోసము కలదు. వైద్యుని మాట మీఱి గెలిచినవాని పేరు నిలుచును. మీఱి పడిపోయినవాని పేరెవ్వరును వ్రాయరు. ఆ జటోపెక్కే 1956లో హెర్నియాకు శస్త్రచికిత్స జరిగిన పిదప మెల్‌బోర్నునందు మారథాను పరుగెత్తి ఆఱవవాడుగా వచ్చెను. శరీరము తన లెక్క తాను వేసికొనుచునే యుండును.

అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రమున 1940లో పుట్టిన విల్మా రుడాల్ఫు చరిత్ర యింతకంటె మనకు చేరువ. బీదయిల్లు, పెద్దసంసారము. శైశవమున పోలియో సోకి కాలు చచ్చువడెను. తల్లి వారమువారము బస్సుమీద ఏబది మైళ్ల దూరమందలి నాష్‌విల్ వైద్యశాలకు తీసికొనిపోయెడిది. ఇంట తోబుట్టువులు వంతులవారీగా ఆ కాలిని మర్దించిరి. ఏండ్లతరబడి ఇనుపకట్టుతో నడచిన ఆ బాలిక 1956లో కాంస్యమును, 1960లో రోమునందు మూడు స్వర్ణములను గెలిచెను. ఆ పతకములలో ఆ తల్లి పాలెంత! తోబుట్టువుల చేతుల పాలెంత!

మన తెలుగునాట విశాఖపట్టణమునకు చెందిన జ్యోతి యర్రాజిని చూడుడు. తండ్రి కావలి ఉద్యోగి. తల్లి యిండ్లలోను వైద్యశాలలోను పనిచేసినది. 100 మీటర్ల హర్డిల్సు పరుగునందు 2002 నాటి 13.38 సెకన్ల జాతీయరికార్డు నిలిచియుండగా, 2020లో ఆమె 13.03 సెకన్లలో పరుగెత్తెను. నియమముల లోపముచే అది లెక్కకు రాలేదు. 2021లో వెన్ను నొప్పి చాలమట్టుకు పోటీలకు దూరము చేసెను. 2022 ఏప్రిలులో కోళిక్కోడున 13.09 సెకన్లు వచ్చినను, వెనుకగాలి సెకనుకు 2 మీటర్లు మీఱరాదను నియమము 0.1 మీటరుచే తప్పినందున అదియు పోయెను. మఱుసటి నెల 10వ తేదీన సైప్రస్ ద్వీపమున 13.23 సెకన్లకు రికార్డు ఆమె దయ్యెను. 2023లో ఆసియా స్వర్ణము, 2024లో పారిస్ ఒలింపిక్సు, 2025 మేలో మరల ఆసియా స్వర్ణము. ఆ యేడే మోకాలి స్నాయువు తెగి శస్త్రచికిత్స చేయించుకొనవలసి వచ్చెను. ఆమెకు శిక్షకులును వైద్యులును ఉన్నారు. "నేడు ఆగుము, ఱేపు నడువుము, ఆపై పరుగెత్తుము" అని చెప్పువారున్నారు. మన పల్లెపిల్లవాని కెవరున్నారు?

ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనవలెను. ముప్పదియేండ్లకు పైబడిన మాట. నా శిష్యులలో మంచి పరుగుకాడొకడు ఉండెను. పందెమునకు రెండు దినములముందు వానికి జ్వరము వచ్చెను. "అయ్యవారూ, ఒళ్లు కాలుచున్నది" అని వాడు చెప్పగా, నేను ధీరుల లక్షణమును గూర్చిన శ్లోకమొకటి చదివి వానిని పంపితిని. సగము దూరమున వాడు కూలబడెను. రెండుమాసములు మంచముపట్టి లేచెను. పరుగునకు మరల రాలేదు. నేనును పిలువలేదు. మొదటి తప్పుకంటె నీ రెండవ తప్పే నన్ను నేటికిని బాధించుచున్నది. జ్వరములో పరుగెత్తినచో గుండెకండరమునకు వాపు కలుగవచ్చునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. శ్లోకము తెలిసిన నాకు అది తెలియకపోయెను.

మనది సాలుకు 550 మిల్లీమీటర్లకు చేరువగా మాత్రమే వానపడు సీమ. పదును లేని నేలలో వేరుసెనగ విత్తువానిని మనము ధీరుడనము, విత్తనము చెఱుపుకొనుచున్నాడందుము. వానకై వేచియుండు రైతు సోమరి కాడు. గొఱ్ఱును గుంటకయు బాగుచేసికొనును, విత్తనపుకాయ కాపాడుకొనును. పదునైన దినమున ఇంటనుండువాడే సోమరి.

కావున పెద్దలారా, పిల్లవాడు జ్వరపడినప్పుడు పిఱికివాడని యనకుడు. పరుగెత్తునప్పుడు రొమ్మునొప్పియో కన్నులు చీకట్లు క్రమ్ముటయో కలిగెనేని వెంటనే వైద్యునికి చూపుడు. కోలుకొన్న పిదప మొదట నడక, తరువాత మెల్లని పరుగు, ఆ తరువాతనే పందెపు పరుగు. అన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. వాడు బాటమీద కనబడని వారము మీరు వాని గుమ్మమునకు పోయి "ఎప్పుడు వచ్చెదవు నాయనా?" అని యడుగుడు. నేనడుగలేదు. మీరడుగుడు.