స్వార్థము, మతలబు, ఆత్మంభరి

చార్మినారునకు పడమట లాడ్ బజారులో గాజులు బేరమాడువారి నోట "మత్‌లబ్?" అను ప్రశ్న నిత్యము వినబడును. "అర్థమేమి?" అని దాని భావము. ఆ వీథిలోనే, పని గడువగానే ముఖము చాటువేయువానిని "మతలబీ" అందురు. అర్థమును అడుగు మాట నిందావాచకమెట్లాయెను? ఒక పర్యాయము ఆ మాట నాకును తగిలినది. ఆ సంగతి చివర చెప్పెదను.

మన స్వార్థ శబ్దమునకును ఇదియే గతి. పాఠశాలలో తర్కసంగ్రహము చదువు దినములలో "స్వార్థానుమానము" అను మాట రాగానే బాలురమందరము నవ్వితిమి. గురువుగారు నవ్వలేదు. పర్వతమున పొగను చూచి అగ్ని కలదని తనకు తాను నిశ్చయించుకొనుట స్వార్థానుమానము. పంచావయవ వాక్యముతో ఇతరులకు బోధించుట పరార్థానుమానము. తాను తెలిసికొననివాడు పరులకేమి తెలుపగలడు? కనుక అచట స్వార్థమే ముందు. వ్యాకరణమందు బాల శబ్దము బాలకుడైనను అర్థము మారదు. అట్టి ప్రత్యయమును స్వార్థికమందురు. మీమాంసకుల పురుషార్థమును పురుషుని ప్రయోజనమే. ఎచటను నింద లేదు.

మరి తన కొరకే బ్రతుకువానికి ప్రాచీనులిడిన పేరేమి? ఆత్మంభరి, అనగా తన్ను మాత్రమే భరించుకొనువాడు. పాణిని అష్టాధ్యాయి తృతీయాధ్యాయమున ఈ శబ్దమును ప్రత్యేకముగా సాధించెను. విచిత్రమేమనగా, అదే సూత్రమున దాని ప్రక్కనే ఫలేగ్రహి నిలిచినది. ఫలేగ్రహి యనగా ఫలించు వృక్షము! తరువాతి వైయాకరణులు కుక్షింభరి, ఉదరంభరి శబ్దములను చేర్చిరి. వీనిలో నింద ప్రయోజనము మీద లేదు. భరించుట అను క్రియ తన కడుపు కడనే నిలిచిపోయినది, నింద దానిమీద. పంచమహాయజ్ఞములలో దేవ, ఋషి, పితృ, భూత, మనుష్యులకు భాగమీయవలసిన గృహస్థుడు ఆ భాగమును తానే భుజించినచో ఉదరంభరి యగును. "స్వార్థపరుడు" అను మాటను మనము ఎవరిమీదనైనను విసరుచున్నాము. ఉదరంభరి అనుటకు ముందు, వీడు ఎవరిని భరింపవలసినవాడు అని విచారింపక తప్పదు.

మత్‌లబ్ అరబీ పదము. దాని ధాతువునకు వెదకుట, కోరుట అర్థము. విద్యను వెదకువాడు తాలిబ్, వెదకబడునది మత్‌లబ్. పారసీక, ఉర్దూ భాషలలో మెలగిన ఆ పదము తెలుగున మతలబై, గూఢాభిప్రాయమను అర్థము దాల్చినది. ఖుద్‌గర్జ్ అను మాట మరింత సన్నిహితము. ఖుద్ అనగా స్వ, గర్జ్ అనగా ప్రయోజనము. స్వార్థ సమాసమునకు అచ్చముగా ప్రతిబింబము!

1591లో చార్మినారును కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా వంశము, ఆ కట్టడమునకు నూరేండ్లు నిండకముందే అస్తమించెను. 1687లో ఔరంగజేబు సేన సుమారు ఎనిమిది నెలలు ముట్టడించియు గోలకొండను బలముచే గెలువజాలదయ్యెను. తుదకు అబ్దుల్లా ఖాన్ పన్నీ అను సేనాని ప్రలోభమునకు లోబడి రాత్రివేళ ద్వారము తెరిపించెను. అబ్దుర్ రజాక్ లారీ ప్రలోభములను తిరస్కరించి, ఒడలెల్ల గాయములగువరకు పోరాడెను. పన్నీ స్వార్థపరుడనుట చాలదు. లారీ కోరిన స్వామిభక్తుడను కీర్తియు ఒక అర్థమే కదా! పన్నీ తాను కాపాడవలసిన కోటలోని జనమును విడచి తన్ను మాత్రము భరించుకొనెను. పాణిని సాధించిన శబ్దము వానికి సరిగా అమరును.

ఇక నా సంగతి. కొన్నేండ్ల క్రితము పాతబస్తీలో ఒక గృహమున శాంతి జపము ముగిసిన పిదప దక్షిణ ఇంత అని నిష్కర్షగా అడిగితిని. యజమాని ఇచ్చెను, ఇచ్చుచు "మతలబీ" అని గొణిగెను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జీవిక కొరకు అడుగుట స్వార్థమే, దాచను. ఉదరంభరిని మాత్రము కానని నాకు నేనే వాదించుకొంటిని. వాదము ముగియకముందే, నాతో జపమునకు కూర్చున్న ఇద్దరు బ్రహ్మచారులు జ్ఞప్తికి వచ్చిరి. వారి పాలు ఇంకను నా సంచిలోనే యుండెను. తెల్లవారగనే పోయి ఇచ్చి వచ్చితిని.