గుంట చెప్పిన లెక్క

పరుగెత్తే వస్తువును ఆపడానికి ఎంత బలం కావాలి? ఇంతవరకే అడిగితే ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఎంత దూరంలో ఆపాలో, లేదా ఎంతసేపట్లో ఆపాలో చెబితేనే లెక్క కుదురుతుంది. ఇది తేలకపోవడం వల్లే ఐరోపా పండితులు అర్ధ శతాబ్దం పైగా తగవులాడారు. వస్తువు పరిమాణాన్ని వేగంతో హెచ్చవేస్తే చలనం ఎంతో తెలుస్తుందని 1644లో డెకార్ట్ అన్నాడు. కాదు, వేగాన్ని మళ్లీ వేగంతోనే హెచ్చవేయాలని 1686లో లైబ్నిజ్ అడ్డుతగిలాడు. మాటలతో తెగని ఈ పేచీని లైడెన్ నగరంలో గ్రావెసాండె అనే పండితుడు 1722లో బంకమట్టి ముందు పెట్టాడు. ఒకే సైజు, వేరువేరు బరువులున్న ఇత్తడి గుండ్లను మెత్తటి మట్టిలోకి వదిలి, పడిన గుంటలను కొలిచాడు. మూడింతల బరువున్న గుండును మూడో వంతు ఎత్తు నుంచి వదిలినా గుంట అంతే పడింది. డెకార్ట్ లెక్కే నిజమైతే బరువైన గుండుకు సుమారు 1.7 రెట్ల చలనం ఉంది, గుంటలు సమానం కాకూడదు. అంతవరకూ డెకార్ట్ లెక్కనే నమ్మిన గ్రావెసాండె పక్షం మార్చుకున్నాడు. ఎమిలీ దు షాత్లే 1740 నాటి తన పుస్తకంలో లైబ్నిజ్ వైపే వాదించింది.

అయితే డెకార్ట్ పూర్తిగా ఓడినట్టేనా? 1,000 కిలోల కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. 5,000 న్యూటన్ల బ్రేకు బలం దాన్ని 2 సెకన్లలో, 10 మీటర్లలో ఆపుతుంది. వేగం 72 అయితే అదే బలానికి 4 సెకన్లు, 40 మీటర్లు కావాలి. కాలం రెండింతలే, దూరం మాత్రం నాలుగింతలు. గడియారం చూసేవాడికి డెకార్ట్, టేపు పట్టేవాడికి లైబ్నిజ్! అందుకే 1743లో దాలంబేర్ ఇదంతా మాటల గొడవేనని కొట్టిపారేశాడు. అది తొందరపాటు తీర్పనే అంటాను. ఎదురెదురుగా సమాన వేగంతో వచ్చి అతుక్కుని ఆగిపోయిన రెండు సమానమైన మట్టిముద్దలను చూడండి. దిశను కూడా లెక్కిస్తే (డెకార్ట్ ఇదే వదిలేశాడు) వాటి ద్రవ్యవేగం, అంటే డెకార్ట్ రాశి, మొత్తం మొదటినుంచీ సున్నాయే. వాటిని నుజ్జు చేసిన లైబ్నిజ్ రాశి మాత్రం సున్నా కాదు. అంటే ఇవి ఒకే వస్తువుకు రెండు పేర్లు కావు, రెండు వేరువేరు రాశులు. లైబ్నిజ్ రాశిలో సగమే అసలు లెక్క అని, బలాన్ని దూరంతో హెచ్చవేస్తే వచ్చే పనికి అది సమానమని 1829లో కొరియోలిస్ ఖాయం చేశాడు. 72లో వస్తున్న ఆ కారు బ్రేకు పడకుండా గోడను గుద్ది అర మీటరులో ఆగిందంటే, సగటున 4,00,000 న్యూటన్లు. బ్రేకు బలానికి 80 రెట్లు.