డాక్టర్ కేరట్

1940 జనవరి 8వ తేదీన బ్రిటనులో ఆహారపు రేషను ప్రారంభమైనది. వెన్న, పంచదార తూచి ఇచ్చుచుండిరి. ఆ సంవత్సరాంతమునకు అరటిపండ్ల దిగుమతియు నిలిచిపోయెను. కొదువలేక దొరకునవి పెరటి కూరగాయలే. మిఠాయి మరిగిన పిల్లలచేత వానిని తినిపించుట ఎట్లు?

లార్డ్ ఊల్టన్ మంత్రిగానున్న ఆహారశాఖవారు కేరట్‌దుంపకు కాళ్లుచేతులు తగిలించి, పిల్లల ప్రియమిత్రుడైన ‘డాక్టర్ కేరట్’ను సృష్టించిరి. అతని చేతిసంచిపై ‘విటమిన్ ఏ’ అని వ్రాసియుండును. ఐస్‌క్రీముకు బదులు పుల్లకు గ్రుచ్చిన కేరట్‌ను పిల్లలు చప్పరించుచున్న ఛాయాచిత్రములు నేటికిని కలవు.

ఇంతలో మరియొక కథ పుట్టినది. రాత్రివేళ శత్రువిమానములను కూల్చుచున్న జాన్ కన్నింగ్‌హామ్ అను పైలటుకు కేరట్ల వలననే పిల్లికన్నులు వచ్చినవట! వీధిదీపములు లేక చీకటిలో తడుముకొనుచున్న జనులు నమ్ముటలో వింత లేదు. నిజమునకు అతని విమానములో రేడార్ కలదు.

అయినను కథ పూర్తిగా కల్ల కాదు. కేరట్‌లోని బీటా కెరోటిన్ శరీరములో విటమిన్ ఏ గా మారును. కంటిలోని నేత్రపటలమున ఈ విటమిన్ ఉన్నదని జార్జి వాల్డ్ 1933లో కనుగొనెను. మసక వెలుతురును గ్రహించు రోడాప్సిన్ దీనితోనే తయారగును. ఇది కొరవడిన రేచీకటి కలుగును. అట్టి బిడ్డకు కేరట్ నిజముగా వైద్యుడే. చాలినంత విటమిన్ ఉన్నవాడు మాత్రము బుట్టెడు దుంపలు తినినను చూపు హెచ్చదు. ఈ రెండవ మాటను ప్రచారకులు పిల్లలకు చెప్పలేదు, చెప్పియుండవలసినది.

రేషను 1954లో ముగిసినది. కేరట్ తినిన చీకటిలో కనిపించునను మాట ఆ దేశపు భోజనపు బల్లలయొద్ద ఇంకను వినవచ్చుచున్నది.