డీజిలు యంత్రమునకు పొగయే నాడి

వైద్యుడు నాడిని పట్టి లోపలి వ్యాధిని గుర్తించునట్లు, అనుభవముగల మెకానిక్కు పొగను చూచి డీజిలు యంత్రములోని లోపమును పసికట్టును. ఏర్పేడు సముద్రతీరమున లేదు. అయినను చిత్తూరు సీమ బావులపై కరెంటు రాకముందు నీరు తోడిన ఆయిలు ఇంజను, విశాఖపట్టణము చేపలరేవులోని మరపడవ ఇంజను ఒకే సూత్రముపై నడచునవి.

ఆ సూత్రమిది: సిలిండరులోని గాలిని గట్టిగా అదిమినచో అది మిక్కిలి వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి తుంపరలుగా చిమ్మిన నూనె, నిప్పురవ్వ లేకయే మండును. రుడాల్ఫ్ డీజిల్ 1892లో దీనికి పేటెంటు కోరెను. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున ప్రొఫెసరు ష్రోటర్ పరీక్షింపగా, ఇంధనపు వేడిలో సుమారు 26 శాతము పనిగా మారినట్లు తేలెను. ఆనాటి ఆవిరి యంత్రములలో అనేకము ఇందులో సగమైనను సాధింపలేదు. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఇట్టి యంత్రమొకటి వేరుసెనగ నూనెతో నడచినదన్న సంగతి, సెనగకాయలు పండించు సీమ విద్యార్థులు తెలిసికొనదగినది.

ఆ కాలమున పొగ యనగా ప్రధానముగా బొగ్గు పొగయే. 1888లో ఫ్రెంచి ఆచార్యుడు రింగెల్మన్ తెల్లకాగితముపై నల్లగీతల గళ్లు గీసి, వాటితో పొగ నలుపును పోల్చి చూచు పటమును రూపొందించెను. అది పొగ ఎంత నల్లనిదో చెప్పును గాని, ఎందుకు వచ్చినదో చెప్పదు. 1912లో కోపెన్‌హేగనులో తయారైన ‘సెలాండియా’ అను డీజిలు నౌక బాంకాకునకు తొలియాత్ర చేసెను. దానికి పెద్ద పొగగొట్టమే లేదు. కాలిన వాయువులు స్తంభము గుండా వెలుపలికి పోయెను. ఇంధనము చక్కగా మండినచో కంటికి కనబడు పొగ స్వల్పమే. కావున డీజిలు నౌకపై దట్టమైన పొగ లోపమునకు గుర్తయ్యెను. ఇక ఆలోచింపవలసినది దాని రంగును గూర్చియే.

నల్లపొగ యనగా నూనెకు చాలినంత గాలి దొరకక కర్బనము మసిగా మిగిలినదని అర్థము. గాలి వడపోత మూసికొనిపోవుట, నాజిలు అరిగి నూనె కారుట, బరువు మించుట దీనికి కారణములు. పడవ అడుగున నాచు, గుల్లలు పట్టినను, ప్రొపెల్లరుకు వల చుట్టుకొన్నను యంత్రముపై బరువు పెరుగును.

నీలిపొగ కందెన నూనె మండుచున్నదని తెలుపును. పాత యంత్రములలో పిస్టను రింగులు, సిలిండరు గోడలు అరిగినప్పుడు ఇది తరచుగా కనబడును.

తెల్లపొగ విషయమున తొందరపడరాదు. వెంటనే గాలిలో కలిసిపోవునది నీటి ఆవిరి. కండ్లు మండించుచు తేలియాడునది మండని డీజిలు. చల్లని యంత్రమును కదలించినప్పుడు ఇది కొంతసేపు సహజము. వేడెక్కిన పిదపను పోనిచో గాలి ఒత్తిడి తగ్గినదో, నూనె ఆలస్యముగా చిమ్మబడుచున్నదో చూడవలెను. కొన్ని పడవలలో పొగను చల్లార్చుటకు సముద్రపు నీటిని గొట్టములోనికి పంపుదురు. ఆవిరి హఠాత్తుగా హెచ్చినచో ఆ నీరు సరిగా వచ్చుచున్నదో లేదో ముందు పరీక్షింపవలెను. యంత్రమును చల్లబరచు మంచినీరు తరుగుచున్నచో సిలిండరు మూతలో పగులును అనుమానింపవలెను.

లోపము ఏ సిలిండరులో నున్నదో తెలియుటకు నిపుణులు ఒక్కొక్క దానికే నూనెను ఆపి చూతురు. ఆపినను వేగము తగ్గనిచో ఆ సిలిండరు పని చేయుట లేదన్నమాట. ఈ పరీక్షను శిక్షణ లేనివారు చేయరాదు. ఒత్తిడితో చిమ్ము నూనె చర్మమును తొలుచుకొని పోగలదు.

నాచు పట్టిన పడవకు కొత్త నాజిళ్లు కొన్నవాని సొమ్ము వృథా. నీలిపొగను లెక్కచేయక వేటకు పోయినవాని యంత్రము నడిసంద్రమున నిలిచిపోవచ్చును. పొగ సాక్ష్యము మాత్రమే; తీర్పు చెప్పవలసినది పరీక్ష.

ఉపాధ్యాయులు తరగతిలో కొవ్వొత్తి మంటలో పింగాణి పళ్లెమును క్షణకాలము పట్టి చూపవచ్చును. దానికి అంటు మసియు, మరపడవ నల్లపొగయు పూర్తిగా మండని కర్బనమే.