మెక్సికో వుడ్‌కట్లలో స్త్రీ

చెక్కపలకను ఉలితో చెక్కి, మిట్టగా మిగిలిన భాగానికి సిరా పూసి, కాగితం మీద అద్దితే వచ్చే బొమ్మ వుడ్‌కట్. మెక్సికో నగరంలో 1539లో ముద్రణాలయం వెలిశాక చాలాకాలం ఈ బొమ్మల్లో కనబడిన స్త్రీలు ఎక్కువగా మరియమాత, పునీతురాళ్లే.

ఆధునిక దశకు తోవ వేసినవాడు హోసే గ్వాదలూపే పోసాదా (1852–1913). ఈకల టోపీ పెట్టిన ఆయన పుర్రె దొరసాని ‘కత్రీనా’ జగత్ప్రసిద్ధం. అది జింకు పలక మీద చేసినది, వుడ్‌కట్ కాదు. చెక్కను మళ్లీ చిత్రకారుల చేతికిచ్చిన ఘనత 1920లలో పారిస్ నుంచి వచ్చిన జాన్ షార్లోది. ఆ తరంలోనే ఇసబెల్ వియాసెన్యోర్ (1909–53) స్వయంగా ఉలి పట్టింది. సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టైన్ మెక్సికోలో తీసిన చిత్రంలో నటించింది కూడా ఈమే.

1937లో లియోపోల్దో మెండెస్, పాబ్లో ఓహిగిన్స్, లూయిస్ అరెనాల్ ‘తాయేర్ దే గ్రాఫికా పోపులార్’ అనే ఉమ్మడి ముద్రణశాలను స్థాపించారు. ఇక్కడ చెక్కకు బదులు నేలకు పరిచే లినోలియం ఎక్కువగా వాడారు. మెత్తనిది, చవకైనది, వేగంగా చెక్కవచ్చు. కాబట్టి వుడ్‌కట్లని జనం పిలిచే ఆనాటి బొమ్మల్లో చాలావరకు నిజానికి లినోకట్లు. 1948లో విడుదలైన ‘రియో ఎస్కొందీదో’ సినిమా కోసం మెండెస్ చెక్కిన పది బొమ్మలు అలాంటివే. అందులో కథానాయిక మరియా ఫెలిక్స్, పాత్ర పల్లెటూరి పంతులమ్మ.

ఈ శాల మకుటాయమానమైన కృషి 1946లో అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి కళాకారిణి ఎలిజబెత్ కాట్లెట్‌ది (1915–2012). 1946–47లో నల్లజాతి స్త్రీల బ్రతుకును 15 లినోకట్లలో చెప్పింది. 1952 నాటి ‘షేర్‌క్రాపర్’ పాలికి సేద్యం చేసే ఒక ముసలామె ముఖం. కాస్త కింది నుంచి చూసినట్టు చెక్కింది. వెడల్పాటి గడ్డి టోపీ నేత, చెంపల ముడతలు, మెడ ఎముకలు అన్నీ సన్నని కోతల్లోనే పలుకుతాయి. కోటుకు గుండీ లేదు, పిన్నీసు ఉంది. దైన్యం మాత్రం ఎక్కడా లేదు. కాట్లెట్ 1958 నుంచి మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయంలో శిల్పకళ నేర్పింది, 1962లో ఆ దేశ పౌరసత్వం తీసుకుంది. అమెరికా మాత్రం ఆమెను అవాంఛనీయ విదేశీయురాలిగా ముద్రవేసి, 1971 దాకా రానివ్వలేదు.

తర్వాతి దశాబ్దాల్లో ముద్రణశాల జోరు తగ్గింది. అయితే చెక్క బొమ్మ అంతరించలేదు. 2006లో వహాకా రాష్ట్రంలో ఉపాధ్యాయుల ఉద్యమం రేగినప్పుడు అసారో అనే కళాకారుల బృందం తన వుడ్‌కట్లను తీసుకెళ్లి ఊరి గోడలకే అతికించింది.